ఇటలీకి ఏ గైడు పుస్తకం కొనాలి?

ప్రశ్న: నమస్కారమండీ. మాది విజయవాడ. వచ్చే అక్టోబరులో నేనూ మావారూ పన్నెండు రోజులు ఇటలీ వెళ్తున్నాం. ప్యాకేజీ టూర్ వద్దనుకున్నాం, సొంతంగానే తిరుగుతాం. మిలాన్, వెనిస్, పీసా, ఫ్లోరెన్స్, రోమ్, నేపుల్స్ అని జాబితా రాసుకున్నాం. చర్చిలూ మ్యూజియాలూ చూడడమే కాదు, అక్కడివాళ్లు ఏం తింటారో, ఎందుకు తింటారో తెలుసుకోవాలని నా కోరిక. నేను గుడ్డు కూడా ముట్టని శాకాహారిని. మావారు అన్నీ తింటారు. గైడు పుస్తకాల కోసం ఆన్‌లైన్‌లో వెతికితే డజన్ల కొద్దీ కనిపించాయి, అన్నిటికీ మంచి రేటింగులే. ఏది కొనాలి? ఫోన్ ఉండగా పుస్తకం దండగ అంటున్నాడు మా అబ్బాయి, నిజమేనా? ఇటాలియన్ భాష ఎంతో కొంత నేర్చుకోవాలా?

జవాబు: ఏం తింటారో చెప్పే పుస్తకాలు బోలెడున్నాయండీ. ఎందుకు తింటారో చెప్పేవి తక్కువ. మీరు రెండోది అడిగారు కాబట్టి నా పని కొంత తేలికైంది. మీరు చూసిన డజన్లలో ముప్పాతిక వంతుని ఆ ఒక్క మాటతోనే పక్కన పెట్టేయొచ్చు.

కానీ పుస్తకం కంటే ముందు ఊళ్ల సంగతి తేల్చుకోవాలి. ‘ఇటలీ గైడు’ అని కొంటే దేశం మొత్తం ఒకే సంపుటంలో కుక్కిన, వెయ్యి పేజీలకు అటూ ఇటూగా ఉండే ఇటుక చేతికొస్తుంది. అందులో వంటల గురించి నాలుగైదు పేజీలుంటాయి. ఇటలీ ఒక దేశమైంది 1861లో. రోమ్ అందులో కలిసింది 1870లో. అప్పటిదాకా ఎవరి రాజ్యం వారిది, ఎవరి వంట వారిది. ఇప్పటికీ ఆ దేశంలో 20 ప్రాంతాలున్నాయి. ఉత్తరాన వెన్న, బియ్యం, మొక్కజొన్న పిండితో ఉడికించే పొలెంటా. దక్షిణాన ఆలివ్ నూనె, ఎండు పాస్తా, టమాటా, వంకాయ. రాగిసంగటినీ పులస పులుసునూ సర్వపిండినీ కలిపి ‘ఆంధ్ర, తెలంగాణ వంటలు’ అని రెండు పేజీల్లో ముగిస్తే మనకెంత వెలితిగా ఉంటుందో, ఆ ఉమ్మడి అధ్యాయాలు చదివితే ఇటలీవాళ్లకూ అంతే వెలితిగా ఉంటుంది. అందుకే దేశం గైడు కాకుండా మీరు తిరగబోయే ప్రాంతం గైడు కొనండి.

మరి ఏ ప్రాంతం? మీ జాబితాలో ఆరు ఊళ్లున్నాయి. పన్నెండు రోజుల్లో ఆరు ఊళ్లంటే ఒకరోజు విడిచి ఒకరోజు పెట్టె సర్దడమే అవుతుంది. వంటిళ్ల సంగతి తెలుసుకోవాలంటే ఒక ఊళ్లో కనీసం మూడు నాలుగు రోజులు ఉండి, పొద్దున్నే మార్కెట్‌కి వెళ్లాలి. నా సలహా అడిగితే రోమ్, నేపుల్స్, దక్షిణాన సిసిలీ దీవిలోని పాలెర్మో. మూడే. ఫ్లోరెన్స్ చూడకుండా రాలేమంటే రోమ్ నుంచి వేగవంతమైన రైల్లో గంటన్నర. పొద్దున వెళ్లి రాత్రికి రావచ్చు. మిలాన్, వెనిస్ ఇంకోసారికి ఉంచుకోండి.

ఇలా దక్షిణానికి తిప్పడానికి కారణం మీ భోజనం. బొలోన్యా చుట్టుపక్కల ఎమీలియా రొమాన్యా ప్రాంతాన్ని ఇటలీ తిండికి రాజధాని అని ప్రతి గైడూ పొగుడుతుంది. అది నిజమే కానీ మీకు కాదు. అక్కడి చేత్తో వత్తిన పాస్తాలో గుడ్డు ఉంటుంది, తాల్యతెల్లే అయినా తోర్తెల్లీని అయినా. అక్కడి రొట్టెల పిండిలో చాలాచోట్ల పంది కొవ్వు కలుపుతారు. అదే దక్షిణానికి దిగితే ఎండు పాస్తా అంటే గట్టి గోధుమ రవ్వ, నీళ్లు, అంతే. నేపుల్స్‌లో పిజ్జా మరినారా మీద టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, ఆలివ్ నూనె ఉంటాయి, చీజ్ ఉండదు. పాలెర్మో వీధుల్లో పనెల్లె దొరుకుతుంది. శనగపిండిని ఉప్పునీళ్లలో గట్టిపడేదాకా ఉడికించి, పలచగా పరిచి, ఆరాక ముక్కలు కోసి, నూనెలో వేయించి, బన్నులో పెట్టి ఇస్తారు. వంకాయ, సెలరీ, ఆలివ్ కాయలు, కేపర్లు వేసి వెనిగర్, పంచదారలతో పుల్లగా తియ్యగా వండే కపొనాతా ఉంటుంది. నిమ్మరసాన్ని మంచుపొడిలా గడ్డకట్టించిన గ్రనీతా ఉంటుంది, అందులో పాలు కూడా ఉండవు.

‘ఎందుకు’ అన్న మీ ప్రశ్నకు కూడా పాలెర్మోలోనే మంచి జవాబు దొరుకుతుంది. సిసిలీని 9వ శతాబ్దం నుంచి 11వ శతాబ్దం దాకా అరబ్బులు ఏలారు. తర్వాత ఉత్తర ఫ్రాన్స్ మూలాలున్న నార్మన్లు వచ్చారు. 12వ శతాబ్దపు నార్మన్ రాజు కట్టించిన కప్పెల్లా పలతీనా అనే ప్రార్థనామందిరంలో గోడల మీద బైజాంటియన్ బంగారు మొజాయిక్‌లు, పైన అరబ్బు పనివాళ్ల చెక్క కప్పు. ఆ కప్పు చూసి బయటికొచ్చి కపొనాతా తింటే, ఆ వంకాయ, ఆ పంచదార, ఆ పుల్లతీపి రుచి ఎక్కడి నుంచి వచ్చాయో ఎవరూ చెప్పక్కర్లేదు. మంచి గైడు పుస్తకం చేయాల్సింది ఇదే. కట్టడాన్నీ కంచాన్నీ ఒకే పేజీలో కలపాలి. చర్చిలు ఒక అధ్యాయంలో, రెస్టారెంట్ల చిట్టా ఇంకో అధ్యాయంలో ఉండి, రెంటికీ పొత్తు లేకపోతే ఆ పుస్తకం మీకు పనికిరాదు.

దీన్ని కొనకముందే పరీక్షించొచ్చు. ఈ-బుక్‌లో ఉచిత నమూనా పేజీలు ఇస్తారు, షాపులో అయితే నిలబడి తిరగేయొచ్చు. రోమ్ గైడు తీసుకుని టెస్టాచ్చో అనే పేట గురించి ఏం రాశారో చూడండి. చాలా పుస్తకాల్లో ‘సందడిగా ఉండే పేట, మంచి తిండి, రాత్రి క్లబ్బులు’ అని రెండు ముక్కలు రాసి వదిలేస్తారు. అక్కడ ఒక గుట్ట ఉంది, దాదాపు 35 మీటర్ల ఎత్తు. అది మట్టిగుట్ట కాదు, మొత్తం పగిలిన కుండ పెంకులే. రోమన్ సామ్రాజ్య కాలంలో స్పెయిన్ నుంచి, ఉత్తర ఆఫ్రికా నుంచి ఆలివ్ నూనె పెద్ద పెద్ద జాడీల్లో టైబర్ నది రేవుకి వచ్చేది. నూనె పీల్చుకున్న జాడీ మళ్లీ వాడుకోడానికి పనికిరాదు, కంపు కొడుతుంది. అందుకని పగలగొట్టి, వాసన రాకుండా సున్నం చల్లి, వరసలుగా పేర్చారు. శతాబ్దాల పాటు పేరిస్తే గుట్టయింది. తర్వాతి కాలంలో ఆ గుట్టని తొలిచి వైన్ కొట్లు పెట్టారు, పెంకుల సందుల్లోంచి గాలి ఆడి లోపల చల్లగా ఉంటుందని. గుట్ట కింద ఉన్న కొన్ని హోటళ్లలో ఇప్పటికీ అద్దం వెనక ఆ పెంకులు కనిపిస్తాయి.

ఆ గుట్ట పక్కనే 19వ శతాబ్దం చివర్లో నగరానికి పెద్ద కబేళా కట్టారు. 1975 దాకా నడిచింది. మంచి మాంసం డబ్బున్నవాళ్ల ఇళ్లకి పోయేది. తోక, పొట్ట, పేగులు, గుండె లాంటివి పనివాళ్లకి కూలిలో భాగంగా దక్కేవి. వాటిని రుచిగా వండుకోవడంలోంచే రోమ్ వంటలో సగం పుట్టింది. ఎద్దుతోకని టమాటా, సెలరీతో గంటల తరబడి ఉడికించే కోదా అల్లా వచ్చినారా ఆ కూలీల ఇళ్లదే. నూనె కుండలూ కబేళా కూలీ టెస్టాచ్చో పేజీలో ఉన్నాయంటే ఆ పుస్తకం రాసినవాళ్లకి పని తెలుసు. కళ్లు మూసుకుని కొనండి.

ఇక్కడ ఒక మాట. మీవారు అన్నీ తింటారన్నారు, గొడ్డుమాంసం, పందిమాంసం కూడానా అన్నది రాయలేదు. అది ఇంట్లోనే తేల్చుకుని బయల్దేరండి. రోమ్‌లో పేరున్న కార్బొనారా, అమత్రిచానా అనే పాస్తాల్లో పడేది పంది దవడ మాంసం. గొర్రెపిల్ల మాంసం కావాలంటే అబ్బాక్కియో అని అడగొచ్చు. పాలెర్మోలో పనెల్లె అమ్మే బళ్ల దగ్గరే దూడ ప్లీహం పెట్టిన బన్ను కూడా అమ్ముతారు, మీ ఇద్దరి టిఫిన్ ఒకేచోట అయిపోతుంది.

ఇక మీ శాకాహారం. ఈ విషయంలో చాలా గైడులు తేలిగ్గా రాసేస్తాయి: ‘ఇటలీలో శాకాహారులకి ఇబ్బందే లేదు, పాస్తా, చీజ్ ఎక్కడైనా దొరుకుతాయి’ అని. ఆ వాక్యం కనిపిస్తే జాగ్రత్త. పార్మిజానో రెజ్జానో చీజ్ తయారీకి పాలు విరగడానికి వేసేది దూడ కడుపు నుంచి తీసిన రెనెట్, అది దాని నిబంధనల్లోనే ఉంది. పెకొరీనో రొమానో చీజ్‌కి గొర్రెపిల్లది. అంటే రోమ్‌లో అందరూ శాకాహారం అనుకునే, ఆ చీజ్, మిరియాలు వేసిన కాచో ఎ పేపే పాస్తా కూడా కచ్చితంగా చూస్తే కాదు. దాన్ని తినాలా వద్దా అన్నది మీ ఇష్టం. కొందరికి పట్టింపు ఉండదు, కొందరికి ఉంటుంది. తెలిసి నిర్ణయించుకోవాలి, అంతే. తీరా వడ్డించాక తెలిస్తే మనసు పాడవుతుంది. పైకి కనిపించని చిక్కులు ఇంకా ఉన్నాయి. రోమ్‌లో వేయించి ఇచ్చే గుమ్మడి జాతి పూల లోపల మోజరెల్లాతో పాటు ఆంచొవీ చేప పెడతారు. పుంతరెల్లె అనే ఆకుకూర సలాడ్‌లోనూ అదే చేప నూరి కలుపుతారు. రిసోత్తో అనే అన్నం వంటకాన్ని, కూరగాయల సూపుని మాంసం ఉడికించిన నీళ్లతో చేసే చోట్లు చాలా. తిరమిసు అనే మిఠాయిలో గుడ్డు పచ్చిదే పడుతుంది. కన్నోలి అనే సిసిలీ మిఠాయి గొట్టంలో పాతపద్ధతి ప్రకారం పంది కొవ్వు పడుతుంది. ఐస్‌క్రీమ్‌లలో కొన్నిటిలో గుడ్డు సొన ఉంటుంది, పండ్ల సొర్బెత్తో నయం. పుస్తకం వెనక మెనూ పదాల పట్టిక ఉందా, అందులో ‘వంకాయ పాస్తా’ అని తర్జుమా ఇచ్చి ఊరుకున్నారా, లోపల ఏం పడుతుందో కూడా రాశారా అని చూడండి. రెండోరకం పట్టిక ఉన్న పుస్తకం దొరికితే దానికి ఇంకో వంద రూపాయలు ఎక్కువైనా పెట్టొచ్చు.

కాలం గురించి రాశారా అన్నది కూడా ముఖ్యం. ఆర్టిచోక్ అనే రోమ్ కూరగాయని ప్రతి గైడూ ఫొటో వేసి మరీ ఊరిస్తుంది, కానీ దాని అసలు రోజులు శీతాకాలం చివర నుంచి ఏప్రిల్ దాకా. మీరెళ్లే అక్టోబరులో అక్కడ పుట్టగొడుగులు, చెస్ట్‌నట్‌లు, సిసిలీలో నాగజెముడు పళ్లు. నెలాఖరుకి కొత్త ఆలివ్ నూనె రావడం మొదలవుతుంది. ఏ నెలలో ఏం దొరుకుతుందో చెప్పని పుస్తకం తిండి గురించి చెప్తున్నట్టు కాదు.

తాజాదనం చూడ్డానికి కవరు మీద వేసిన సంవత్సరాన్ని నమ్మకండి. రోమ్‌లోని పాంథియన్ అనే పురాతన గుడికి పర్యాటకులు డబ్బు కట్టాలనే నియమం 2023 జులైలో వచ్చింది, అప్పుడు టికెట్ 5 యూరోలు. ‘ప్రవేశం ఉచితం’ అని రాసుంటే ఆ పేజీ అంతకు ముందుదే. నేపుల్స్ దగ్గర వెసూవియస్ అగ్నిపర్వతం పేలి పూడిపోయిన పాత ఊరు పాంపేయిలో రోజుకి 20 వేల మందినే అనుమతించడం, టికెట్ మీద పేరు వేయడం 2024 నవంబరులో మొదలయ్యాయి. అది కూడా ఉంటే పుస్తకం బాగా తాజా. సెలవు రోజులు సరిగా ఇచ్చారా అన్నదీ చూడాలి. వాటికన్ మ్యూజియాలు నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు మూసి ఉంటాయి. నేపుల్స్ పురావస్తు మ్యూజియానికి మంగళవారం సెలవు. ఆ మ్యూజియం మాత్రం వదలకండి. వెసూవియస్ పేలినప్పుడు పొయ్యిలోనే బొగ్గయిపోయిన రొట్టెలు అక్కడున్నాయి. పంచుకోడానికి వీలుగా గీతలు పెట్టిన గుండ్రటి రొట్టెలు, దాదాపు రెండువేల ఏళ్లనాటివి. పాంపేయిలో, వడ్డించే గట్టు మీద బాతులూ కోడిపుంజూ బొమ్మలున్న ఒక వేడి భోజనం కొట్టుని 2020లో పూర్తిగా తవ్వి తీశారు. ఆ రొట్టెలు, ఆ కొట్టు రెండూ ప్రస్తావించిన గైడు పట్టుకెళ్తే ఆ శిథిలాల్లో నడక వేరేలా ఉంటుంది.

ఇప్పుడు పేర్లు. బ్లూ గైడ్‌లు లండన్‌లో 1918 నుంచి వస్తున్నాయి. కళ, కట్టడాలు, చరిత్ర ఇంత ఓపిగ్గా చెప్పే ఇంగ్లిష్ గైడు ఇంకోటి లేదని నా అభిప్రాయం. రోమ్‌కి, సిసిలీకి విడివిడి సంపుటాలున్నాయి. హోటళ్ల కోసం కాదు, ఇంట్లో కూర్చుని చదువుకోడానికి. లోన్లీ ప్లానెట్, రఫ్ గైడ్ దేశమంతా తిరిగేవాళ్ల కోసం. వాటిలో దక్షిణ ఇటలీ, సిసిలీ సంపుటాలు సంచిలోకి బాగుంటాయి. రిక్ స్టీవ్స్ పుస్తకాలు మ్యూజియంలో గది గదికీ చెయ్యి పట్టుకుని నడిపిస్తాయి, మొదటిసారి వెళ్లేవాళ్లకి ధైర్యాన్నిస్తాయి, కానీ ఆయన ఎంచుకున్న చోట్లే ఉంటాయి, మిగతా ఊళ్లు ఉండవు. డీకే వాళ్లవి బొమ్మల కోసం. మిషెలిన్ ఎరుపు గైడు స్టార్ రెస్టారెంట్లకి. మీరు వెతికేది అది కాదు.

ఇటలీవాళ్లు వాడే పుస్తకం ఒకటుంది, అది మీకు చెప్పాలి. కార్లో పెత్రీని, ఆయన మిత్రులు పియెమోంతె ప్రాంతంలోని బ్రా అనే చిన్న ఊళ్లో మొదలుపెట్టిన స్లో ఫుడ్ ఉద్యమం 1990 నుంచి ఓస్తెరియె దితాలియా అనే గైడు వేస్తోంది. ఆడంబరం లేకుండా ఆ ప్రాంతపు వంట వండే కుటుంబ భోజనశాలలే అందులో ఉంటాయి. వాటిలో మరీ మంచివాటి పక్కన నత్త బొమ్మ వేస్తారు. ప్రతి చోటుకీ ఏ రోజు సెలవు, ఏడాదిలో ఎప్పుడు మూస్తారు, ఎంతమందికి చోటుంది, వైన్ కాకుండా మనిషికి సుమారు ఎంతవుతుంది అన్నీ ఇస్తారు. పుస్తకం ఇటాలియన్‌లో ఉంటుంది, భయపడకండి. ఫోన్ కెమెరా పెడితే తర్జుమా అయిపోతుంది. అక్కడికెళ్లాక రోమ్ టెర్మిని స్టేషన్‌లోని పుస్తకాల షాపులో అడగండి.

కాబట్టి మీరు ఇక్కడ కొనాల్సింది రెండే: రోమ్‌కి బ్లూ గైడ్, సంచిలోకి దక్షిణ ఇటలీ, సిసిలీ కలిసిన ప్రాంతీయ గైడు కొత్త ఎడిషన్. డబ్బు ఆదా చేయాలంటే మొదటిది పాతదైనా పర్వాలేదు. విజయవాడ లెనిన్ సెంటర్‌లోనో, హైదరాబాద్ వస్తే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీదో పాత గైడులు దొరుకుతుంటాయి. చర్చి గోడ మీద బొమ్మ ఎవరు వేశారన్నది పదేళ్లలో మారదు. రెండోది మాత్రం పాతది తీసుకోవద్దు. తిరిగేటప్పుడు ఆ రోజుకి కావలసిన పేజీలు ఫోన్‌తో ఫొటో తీసుకుంటే పుస్తకం గదిలోనే ఉంచొచ్చు.

మీ అబ్బాయి మాటకొస్తే, ఫోన్ కూడా కావాలి. రైలు టైములు, టికెట్ బుకింగ్, ఈ పూట ఆ హోటల్ తెరిచుందా లేదా అన్నవి ఫోన్‌లోనే చూడాలి, పుస్తకంలో కాదు. కానీ ‘దగ్గర్లో మంచి రెస్టారెంట్’ అని ఫోన్‌ని అడిగితే మీలాంటి యాత్రికులే స్టార్లిచ్చిన, యాత్రికుల కోసమే నడిచే చోట్లు ముందు వరసలో వస్తాయి. టెస్టాచ్చోలో తోకకూర ఎందుకు వండుతారో మీకు తెలియనప్పుడు ఫోన్‌లో ఏమని వెతుకుతారు? ఆ ప్రశ్న పుట్టించేది పుస్తకం. బయల్దేరడానికి నెల ముందు నుంచి రోజూ కాసేపు మీ ఇద్దరూ చదవండి, వీలైతే ఒకరు చదువుతుంటే ఇంకొకరు వినండి.

భాష గురించి: నేర్చుకోవాలి, కానీ తరగతులు అక్కర్లేదు. ‘బొన్‌జోర్నో’ (నమస్కారం) అనకుండా ఏ కొట్లోకీ అడుగు పెట్టకండి, అక్కడ దాన్ని మర్యాదగా చూస్తారు. మీకోసం ఒక చీటీ మీద రాసుకోండి: ‘సోనో వెజెతారియానా. నియెంతే కార్నె, నియెంతే పేషె, నియెంతే ఉఓవ.’ నేను శాకాహారిని, మాంసం, చేప, గుడ్డు ఏవీ వద్దని అర్థం. దాని కింద ‘బ్రోదో ది కార్నె’ అంటే మాంసం నీళ్లు, ‘స్ట్రుత్తో’ అంటే పంది కొవ్వు, ‘అచ్చూగె’ అంటే ఆంచొవీలు అని కూడా ఇటాలియన్ అక్షరాల్లో రాసి, వద్దని గీత కొట్టండి. ఆర్డర్ తీసుకునే మనిషికి ఆ చీటీ చూపిస్తే లోపలికెళ్లి వంటమనిషిని అడిగి వస్తారు. భోజనం వేళలు కూడా ఆ చీటీ వెనకే రాసుకోండి: మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండున్నర, రాత్రి ఏడున్నర తర్వాత. ఈ మధ్యలో వంటగది మూసేస్తారు కాబట్టి మీ సంచిలో ఓ పొట్లం వేరుశనగలో అటుకులో ఉంచుకోండి.